ఏ మధుర? ఏ సింహపురం?

అందరికీ నమస్కారం.

ముందుగా ఒక చిక్కు మీ ముందు పెడతాను. శ్రీలంకలో పాళీ భాషలో రాసిన మహావంశంలో దుట్ఠగామణి రాజు అనురాధపురంలో మహాస్తూపానికి పునాది వేయించిన ఘట్టం ఉంది. క్రీ.పూ. 2వ శతాబ్దం నాటి సంగతి. ఆ ఉత్సవానికి రాజగృహం నుంచి, వైశాలి నుంచి, కౌశాంబి, ఉజ్జయిని, పాటలీపుత్రాల నుంచి భిక్షువులు వచ్చారట. ఆ జాబితాలోనే ఇంకో మాట ఉంది: యోనుల నగరమైన అలసంద నుంచి యోన మహాధమ్మరక్ఖిత స్థవిరుడు 30,000 మంది భిక్షువులతో వచ్చాడని. యోన అంటే యవనుడు, గ్రీకువాడు. అలసంద అంటే అలెగ్జాండ్రియా.

అలెగ్జాండ్రియా అనగానే మన మనసు నేరుగా ఈజిప్టుకు పోతుంది. దీపస్తంభం, గ్రంథాలయం, క్లియోపాత్రా. ఇంకేముంది, ఈజిప్టు నుంచి బౌద్ధ భిక్షువులు సింహళానికి వచ్చేశారని రాసుకుని సంబరపడొచ్చు. అలా రాసినవాళ్ళు ఉన్నారు కూడా. కానీ పండితుల్లో ఎక్కువమంది ఒప్పుకునేది వేరే ఊరు. కాబూల్‌కు ఉత్తరాన, హిందూకుష్ కొండల పాదాల దగ్గర, ఇప్పటి బెగ్రామ్ ప్రాంతంలో అలెగ్జాండర్ ఒక అలెగ్జాండ్రియా కట్టించాడు. బౌద్ధం బాగా పాతుకున్న నేల అది. అక్కడి నుంచి భిక్షువులు రావడంలో వింతేమీ లేదు. 30,000 మంది అన్న లెక్క సంగతి అంటారా, దాన్ని పక్కన పెట్టండి. పాత కావ్యకర్తలు సంఖ్యల దగ్గర పిసినారులు కారు.

ఇదే అలసంద మిలిందపన్హ అనే పాళీ బౌద్ధ గ్రంథంలో మళ్ళీ కనిపిస్తుంది. బౌద్ధ భిక్షువు నాగసేనుడు అడుగుతాడు: మహారాజా, నువ్వు పుట్టిన చోటు ఏది? మిలిందుడు, అంటే గ్రీకు రాజు మినాండర్, చెబుతాడు: అలసంద అనే ద్వీపం ఉంది, అక్కడ పుట్టాను. ఇక్కడికి, అంటే శాకల నగరానికి, 200 యోజనాల దూరం. ద్వీపం అన్నాడు కదా, మరి సముద్రం ఒడ్డున ఉన్న ఈజిప్టు ఊరే కదా అని మళ్ళీ అనుమానం వస్తుంది. సంస్కృతంలో ద్వీపం అంటే రెండు వైపులా నీళ్ళున్న నేల. రెండు నదుల నడుమ ఉన్న భూమిని కూడా ద్వీపం అనొచ్చు. బెగ్రామ్ సరిగ్గా రెండు నదులు, ఘోర్‌బంద్, పంజ్‌షీర్, కలిసే చోట ఉంది.

పాత గ్రంథంలో ఒక నగరం పేరు కనిపిస్తే, అది ఏ నగరం అని అడిగే ముందు ఇంకో ప్రశ్న వేసుకోవాలి. ఆ పేరు ఎవరు పలికారు, ఎక్కడ నిలబడి పలికారు? సింహళంలో కూర్చుని యోనుల ఊరు అన్నవాడికి యోనులంటే వాయవ్యాన ఉన్నవాళ్ళు. రోమ్‌లో కూర్చుని అలెగ్జాండ్రియా అన్నవాడికి ఈజిప్టు సముద్రతీరం. ఈ పూట మనం చూడబోయేదంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

అలెగ్జాండర్ దగ్గరే ఇంకాస్త ఆగుదాం. ఆయన 70కి పైగా నగరాలు స్థాపించాడని ప్లూటార్క్ రాశాడు. ఆధునిక చరిత్రకారులు అంత ఒప్పుకోరు. వాళ్ళ లెక్క దానికి చాలా తక్కువ. ఎన్నైనా, చాలావాటికి పేరు ఒకటే, ఆయన పేరే. క్రీ.పూ. 331లో ఈజిప్టులో ఒకటి. ఇప్పటి హెరాత్ ఉన్నచోట ఒకటి. కాందహార్ దగ్గర ఒకటి. 1958లో అక్కడే అశోకుడి శాసనం గ్రీకులోనూ అరమాయిక్ భాషలోనూ చెక్కి ఉన్నది దొరికింది. అంటే అలెగ్జాండర్ దాటిపోయిన రెండు తరాల తర్వాత కూడా అక్కడ గ్రీకు చదివే జనం ఉన్నారన్నమాట. ఇంకా పైకి వెళ్తే సిర్ దర్యా ఒడ్డున, ఇప్పటి తజికిస్తాన్‌లోని ఖుజంద్ దగ్గర, క్రీ.పూ. 329లో మరొకటి. దాన్ని ‘అలెగ్జాండ్రియా ఎస్ఖాటె’ అన్నారు. అన్నిటికన్నా చివరి అలెగ్జాండ్రియా అని అర్థం. చివరిది అనిపించుకున్నా ఆయన అక్కడితో ఆగలేదు. క్రీ.పూ. 326లో జీలం నది దగ్గర తన గుర్రం బుకెఫలస్ చనిపోతే దాని పేరుతో బుకెఫల కట్టించాడు. ఒక్కటైనా పేరు మారినందుకు ఆ గుర్రానికి దణ్ణం పెట్టాలి.

జీలం ఒడ్డునే, పురుషోత్తముడి మీద గెలిచినందుకు, నికాయా అని ఇంకో ఊరు కట్టాడు. గ్రీకులో నికె అంటే విజయం. నికాయా అనే ఊరు ఇప్పటి టర్కీలోనూ ఉంది. క్రీ.శ. 325లో క్రైస్తవ మతాచార్యుల మహాసభ జరిగింది అక్కడే. కానీ దాని పేరుకు విజయంతో నేరుగా సంబంధం లేదు. ముందు అది ఆంటిగోనియా. అలెగ్జాండర్ సేనానుల్లో ఒకడైన లైసిమాకస్ దాన్ని పట్టుకుని తన భార్య నికాయా పేరు పెట్టాడు. ఫ్రాన్సులో నీస్ అనే నగరం కూడా పాత గ్రీకు నికాయాయే. మూడు ఊళ్ళు, మూడూ విడివిడిగా పుట్టిన పేర్లు. చూడ్డానికి చుట్టాల్లా ఉంటారు, రక్తసంబంధం లేదు.

అలెగ్జాండర్‌దే అతి అనుకుంటే ఆయన సేనాని సెల్యూకస్ నికేటర్ ఆయన్ని మించిపోయాడు. మన చంద్రగుప్త మౌర్యుడితో సంధి చేసుకుని 500 ఏనుగులు తీసుకుపోయినవాడే. అప్పియన్ అనే చరిత్రకారుడి లెక్క ప్రకారం తండ్రి ఆంటియోకస్ పేరుతో 16 ఆంటియోక్‌లు, తల్లి లవోదికే పేరుతో 5 లవొదికయలు, తన పేరుతో 9 సెల్యూకియాలు, భార్యల పేర్లతో 4 ఊళ్ళు కట్టాడు. ఆ నాలుగింటిలో మూడు అపామియాలు. అపామ సోగ్డియానా అమ్మాయి, స్పితమెనెస్ కూతురు. అలెగ్జాండర్‌ను ముప్పుతిప్పలు పెట్టిన వీరుడు స్పితమెనెస్. అతని కూతురి పేరు సిరియాలో ఒక మహానగరానికి దక్కింది. స్ట్రాబో అనే భూగోళ రచయిత ఇంకో సంగతి చెబుతాడు: సెల్యూకస్ తన 500 ఏనుగులను ఆ అపామియాలోనే ఉంచేవాడట. అంటే మగధ గజశాలల నుంచి వెళ్ళిన ఏనుగులు మధ్యాసియా ఆడపడుచు పేరున్న సిరియా ఊళ్ళో గడ్డి మేశాయన్నమాట. చరిత్రలో నాకు చాలా ఇష్టమైన దృశ్యాల్లో ఇదొకటి.

16 ఆంటియోక్‌లంటే ఉత్తరాలు మోసేవాడి గతి ఏమిటి? అందుకే జనం నగరాలకు ఇంటిపేర్లు తగిలించారు. సిరియా ఆంటియోక్‌ను దఫ్నే పక్కనున్న ఆంటియోక్ అనేవారు. దఫ్నే ఆ ఊరి శివార్లలోని తోట. ఇంకొకటి పిసిదియ ఆంటియోక్. తెలుగు బైబిల్ చదివినవాళ్ళకు అంతియొకయ బాగా తెలిసిన పేరే. అపొస్తలుల కార్యములు 13వ అధ్యాయంలో పౌలు ఒక అంతియొకయలో బయలుదేరి, ‘పిసిదియలోనున్న’ ఇంకో అంతియొకయకు చేరతాడు. తొందరగా చదివితే బయలుదేరిన ఊరికే తిరిగొచ్చాడా అనిపిస్తుంది. రెండిటికీ మధ్య సముద్రం ఉంది, కొండలున్నాయి.

పేర్లు పెట్టడం ఒక ఎత్తు, బోర్డు మార్చడం ఇంకో ఎత్తు. మధ్యాసియాలోని మెర్వ్ ముందు అలెగ్జాండ్రియా. సెల్యూకస్ కొడుకు దాన్ని మళ్ళీ కట్టించి ఆంటియోక్ చేశాడు. ఒకే ఊరు రెండు జాబితాల్లోనూ ఉంటుంది కాబట్టి లెక్కపెట్టేటప్పుడు జాగ్రత్త.

అలెగ్జాండర్ తర్వాత ఈజిప్టును ఏలిన టోలెమీ వంశం వాళ్ళ సంగతి గబగబా చెప్పేస్తాను, ఎందుకంటే అది పేరు పేరునా టోలెమాయిస్, ఆర్సినోయె, బెరెనికె అని సాగుతూనే ఉంటుంది. ఒక్క బెరెనికె దగ్గర ఆగుతాను. ఎర్రసముద్రం ఒడ్డు బెరెనికె రెండో టోలెమీ తల్లి పేరు. అక్కడి తవ్వకాల్లో ఒక ఆలయ ప్రాంగణంలో భారతదేశంలో చేసిన పెద్ద మట్టి కాగు దొరికింది. అందులో ఏడున్నర కిలోల మిరియాలు ఉన్నాయి. ఇంకో బెరెనికె మధ్యధరా తీరంలో ఉంది, అది మూడో టోలెమీ భార్య పేరు. ఇవాళ దాన్ని బెంఘాజీ అంటున్నాం. నాయనమ్మా మనవరాలూ అయిన ఇద్దరు రాణులు, ఒకటే పేరు, రెండు సముద్రాల మీద రెండు రేవులు.

ఫిలడెల్ఫియా కూడా ఇలాంటిదే. గ్రీకులో తోబుట్టువుల మీద ప్రేమ అని అర్థం. జోర్డాన్ రాజధాని అమ్మాన్ ఒకప్పుడు ఫిలడెల్ఫియా, రెండో టోలెమీ బిరుదు మీద వచ్చిన పేరు. ఆయన సొంత అక్కను పెళ్ళాడాడు. టర్కీలోని ఫిలడెల్ఫియా పెర్గమం రాజు రెండో అత్తాలస్ బిరుదు మీద వచ్చింది. ఆయనది అన్న యూమెనెస్ పట్ల విధేయత. ఒకటే మాట, వెనకున్న ప్రేమలు మాత్రం ఎంత వేరో చూడండి.

ఇంతవరకూ రాజుల మోజు. ఇక ఏ మోజూ లేకుండా, వట్టి సోమరితనం వల్ల పుట్టిన పేర్లున్నాయి. ఫినీషియన్ భాషలో ‘కర్త్ హదష్త్’ అంటే కొత్త నగరం. అచ్చ తెలుగులో కొత్తూరు. ఆఫ్రికా తీరంలో టైర్ నగరం వాళ్ళు కట్టుకున్న కర్త్ హదష్త్ మనం కార్తేజ్ అంటున్నది. సంప్రదాయం చెప్పే తేదీ క్రీ.పూ. 814. సైప్రస్‌లోనూ ఒక కర్త్ హదష్త్ ఉండేది. తర్వాత, క్రీ.పూ. 228 ప్రాంతంలో, కార్తేజ్ సేనాని హస్‌ద్రూబల్ స్పెయిన్‌లో ఒక నగరం కట్టి దానికీ అదే పేరు పెట్టాడు. క్రీ.పూ. 209లో రోమన్ సేనాని స్కిపియో దాన్ని పట్టుకున్నాక రోమన్లకు రెండు కార్తేజ్‌ల మధ్య తేడా చెప్పాల్సి వచ్చింది. స్పెయిన్‌లో ఉన్నదాన్ని కార్తాగో నోవా అన్నారు. నోవా అంటే కొత్త. అంటే ఏమైంది? కొత్త కొత్తూరు. ఆ పేరే ఇవాళ్టి కార్తహేనా. మొదటి మాటకు అర్థం తెలియకపోతే రెండోసారి అదే అర్థం తగిలించడం అన్ని భాషల్లోనూ ఉంది.

గ్రీకుల కొత్తూరు నెయాపోలిస్. ఇటలీలో నేపుల్స్, పాలస్తీనాలో నాబ్లుస్, ట్యునీషియాలో నాబుల్. మూడూ ఒకటే మాట. నాబ్లుస్ పుట్టింది క్రీ.శ. 72లో, వెస్పేసియన్ చక్రవర్తి కాలంలో. అరబీ నాలుక మీద ‘ప’ నిలవదు, ‘బ’ అయిపోతుంది. అందుకని నెయాపోలిస్ నాబ్లుస్ అయింది. ఆ నాలుకే అలెగ్జాండ్రియాలో మొదటి ‘అల్’ను తమ భాషలోని ఉపపదం అనుకుని విడదీసి అల్ ఇస్కందరియా అంది. దాంతో అలెగ్జాండర్ ఇస్కందర్ అయ్యాడు, మనకు సికందర్‌గా చేరాడు.

ట్రిపోలీ అంటే మూడూళ్ళు. లిబియా ట్రిపోలీ వెనక ఓయా, సబ్రత, లెప్టిస్ అనే మూడు ఊళ్ళు. లెబనాన్ ట్రిపోలీ వెనక టైర్, సిడోన్, అరాడోస్ నుంచి వచ్చినవాళ్ళ మూడు పేటలు. అరబ్బులు ఒకదాన్ని పడమటి తరాబులుస్ అని, ఇంకోదాన్ని షామ్ తరాబులుస్, అంటే సిరియా తరాబులుస్, అని పిలుచుకుని గొడవ తీర్చేసుకున్నారు.

ఊరివాళ్ళకు ఏమాత్రం సంబంధం లేకుండా పైవాళ్ళు పెట్టిన పేర్లు ఇంకో రకం. ఈజిప్టులో కర్నాక్, లక్సర్ ఆలయాలున్న మహానగరాన్ని అక్కడివాళ్ళు వాసెత్ అనేవారు. గ్రీకులు దాన్ని థీబ్స్ అన్నారు, తమ దేశంలో ఉన్న థీబ్స్ పేరే. హోమర్ ఇలియడ్‌లో వంద ద్వారాల థీబ్స్ అని రాశాడు, అది ఈజిప్టుది. గ్రీసు థీబ్స్‌కు ఏడు ద్వారాలు. ద్వారాలు లెక్కపెడితే గాని ఏ ఊరో తెలియదు! దీంతో పుట్టిన తికమక ఇవాళ్టికీ పోలేదు. ఈడిపస్‌కు పొడుపుకథ వేసిన స్ఫింక్స్ గ్రీసు థీబ్స్ కథలోది. స్ఫింక్స్ అంటే ఈజిప్టు, ఈజిప్టులో థీబ్స్ ఉంది, కాబట్టి ఈడిపస్ ఈజిప్టువాడని ఎవరైనా లంకె పెడితే తప్పు పట్టలేం. ఆ రాతి స్ఫింక్స్ ఉన్నది గిజాలో, థీబ్స్‌లో కూడా కాదు. క్రీ.పూ. 335లో అలెగ్జాండర్ గ్రీసు థీబ్స్‌ను నేలమట్టం చేశాడు, కవి పిండార్ ఇంటిని మాత్రం వదిలిపెట్టి. మూడేళ్ళ తర్వాత ఇంకో థీబ్స్ ఉన్న దేశం ఆయన్ని ఫారోగా నెత్తిన పెట్టుకుంది.

బాబిలోన్ కూడా రెండున్నాయి. రెండోది నైలు ఒడ్డున, ఇప్పటి పాత కైరోలో, రోమన్ కోట. బాబిలోన్ నుంచి వచ్చినవాళ్ళు అక్కడ స్థిరపడ్డారని డయోడోరస్, స్ట్రాబో ఇద్దరూ కథ చెబుతారు. మధ్యయుగంలో యూరోపు వాళ్ళు కైరోను ఏలే సుల్తానును బాబిలోన్ సుల్తాను అని రాసేవారు. ఆ రాతలు పట్టుకుని యూఫ్రటీస్ ఒడ్డున వెతికితే ఎవరూ దొరకరు.

సరే, ఇప్పుడు ఇటు వద్దాం. ఇక్కడే నేను ఎక్కువసేపు మాట్లాడదామనుకున్నాను, టైము చూస్తే అక్కడే సగం అయిపోయింది.

టోలెమీ అనే భూగోళ శాస్త్రవేత్త, క్రీ.శ. 2వ శతాబ్దంలో, అలెగ్జాండ్రియాలో కూర్చుని మన దేశపు ఊళ్ళ జాబితా రాశాడు. అందులో మొదూర అనే పేరు రెండుసార్లు వస్తుంది. ఒకటి ‘దేవతల మొదూర’. ఇంకొకటి ‘పాండియోన్ రాజధాని మొదూర’. యమున ఒడ్డు మథుర, వైగై ఒడ్డు మదురై. ఇక్కడికి వచ్చి చూడనివాడు కూడా ఈ రెండిటికీ ఇంటిపేర్లు వేసి విడగొట్టాడంటే, వర్తకుల నోట అప్పటికే ఆ తేడా నలిగి ఉండాలి. పాళీ గ్రంథాల్లో ఉత్తర మధుర అంటారు, దక్షిణ మధుర అంటారు. తెలుగులోనూ ఎంతో కాలం రెండూ మధురలే. మధుర నాయకులు అంటాం, కృష్ణుడు పుట్టిన మధుర అంటాం, వాక్యాన్ని బట్టి అర్థం చేసుకుంటాం.

రెండిటికీ సంబంధం ఉందా? మెగస్తనీస్ చెప్పిన కథ ఒకటి అరియన్ అనే గ్రీకు చరిత్రకారుడి గ్రంథంలో మిగిలింది. శూరసేనులు హెరాక్లీస్‌ను పూజిస్తారు, వాళ్ళ నగరం మెథోర. ఆ హెరాక్లీస్‌కు పాండయా అనే కూతురు ఉంది, ఆమె ఏలిన దేశానికి ఆమె పేరే వచ్చింది అని. గ్రీకువాడు హెరాక్లీస్ అన్నది కృష్ణుణ్ణే అని చాలామంది అనుకుంటారు. క్రీ.పూ. 300 నాటికే మథురకూ పాండ్యులకూ చుట్టరికం కలిపే కథ వాడుకలో ఉందన్నమాట. అది నిజంగా వలసో, పేరు కలిసింది కాబట్టి తర్వాత అల్లుకున్న కథో చెప్పడం కష్టం. నా మటుకు నాకు రెండోదే ఎక్కువ సబబుగా తోస్తుంది. పేర్లు కలిస్తే కథలు ఊరుకోవు.

ప్రతిష్ఠానం ఇంకో జంట. గోదావరి ఒడ్డున పైఠన్, శాతవాహనుల ప్రతిష్ఠానం. గంగాయమునల సంగమం దగ్గర, ఇప్పటి ఝూసీ, పురాణాల్లో పురూరవుడు ఏలిన ప్రతిష్ఠానం. పురాణం చదివేటప్పుడు గోదావరిని ఊహించుకుంటే పురూరవుణ్ణి వెయ్యి కిలోమీటర్లు పక్కకు జరిపినట్టే. ఒక చమత్కారం చెప్పి ముందుకు పోతాను. పైఠన్ రాజు శ్రీపులుమావి పేరు టోలెమీ రాతల్లో సిరిప్టొలెమాయోస్ అయింది. గ్రీకులో టోలెమీ పూర్తి పేరు ప్టొలెమాయోస్. ఎక్కడో గోదావరి తీరపు రాజుకు తన పేరే ఇచ్చేశాడు!

అన్నిటికన్నా చిక్కు సింహపురానిది. లెక్కపెట్టండి. ఉప్పు కొండల ప్రాంతంలో, ఇప్పటి పాకిస్తాన్ పంజాబులో, హ్యూయన్‌త్సాంగ్ చూసిన సింహపురం. కళింగంలో మాఠర రాజులు తామ్రశాసనాలు జారీ చేసిన సింహపురం, దాన్ని శ్రీకాకుళం దగ్గరి సింగుపురంగా గుర్తించారు. మహావంశంలో సింహళ తొలి రాజు విజయుడి తండ్రి సింహబాహువు లాళ దేశంలో కట్టిన సింహపురం. ఈ లాళం గుజరాత్ వైపా బెంగాల్ వైపా అని పండితుల మధ్య పాత తగువు. వియత్నాంలో చంపా రాజ్యపు సింహపురం, ఇప్పటి ట్రా కియూ. చివరిది మనందరికీ తెలిసిన సింగపూర్.

శ్రీలంకలోని పొలొన్నరువను 1187 నుంచి 1196 దాకా ఏలిన నిశ్శంకమల్లుడు తన శాసనాల్లో, నేను కళింగంలోని సింహపురంలో పుట్టాను అని చెక్కించాడు. ఇంత స్పష్టంగా చెప్పినా తగువు తీరలేదు. మన కళింగమే అని చాలామంది అన్నారు. శ్రీలంక పురావస్తు శాస్త్రవేత్త పరణవితాన మాత్రం కాదు, ఆ కళింగం మలయా ప్రాంతంలోది అని వాదించాడు. సింహపురం పేరుతో పాటు కళింగం పేరు కూడా సముద్రం దాటిందని ఆయన వాదన. మిగతా చరిత్రకారులు ఆ వాదాన్ని పెద్దగా ఒప్పుకోలేదు, నాకూ అది బలంగా కనిపించదు. కానీ అలా వాదించడానికి వీలు కలిగిందంటే కారణం పేరే. ఇంటిపేరు కూడా ఇద్దరికీ కలిస్తే ఏం చేస్తాం?

ఆగ్నేయాసియాలో ఇలా మన పేర్లు నాటుకోవడం మామూలు. బర్మాలోని అరకాన్‌లో ఒక వైశాలి ఉంది. చంపా రాజ్యంలో అమరావతి అనే సీమ ఉంది. థాయ్‌లాండ్ మధ్యభాగంలో దొరికిన వెండి నాణేల మీద ‘శ్రీద్వారవతీశ్వరపుణ్య’ అని ఉంది. కృష్ణుడి ద్వారక పేరు పెట్టుకున్న రాజు పుణ్యం అది. 1351లో వెలసిన అయుత్థయ అయోధ్యే, కాకపోతే అది ప్రాచీనం కాదు కాబట్టి వదిలేస్తున్నాను. వీటిని చూసి అక్కడంతా మనవాళ్ళే వెళ్ళి కట్టారని ఛాతీ విరుచుకునేవాళ్ళున్నారు. పేరు వెళ్ళడానికి జనం మొత్తం వెళ్ళక్కర్లేదు. ఒక పురోహితుడు, ఒక గ్రంథం, గొప్ప పేరు కావాలనుకునే ఒక స్థానిక రాజు ఉంటే చాలు.

వెనక వరసలో ఎవరో చెయ్యెత్తారు. గట్టిగా అడగండి. ఆఁ, మంచి ప్రశ్న. ఒకే పేరున్న రెండు ఊళ్ళను ఒకటనుకోవడం చెప్పారు, మరి ఒకే ఊరిని రెండనుకున్న సందర్భం ఉందా అని అడుగుతున్నారు.

ఉంది, అదీ ఈజిప్టులోనే. గ్రీకు రచయితలు నైలు ముఖద్వారం దగ్గర హెరాక్లియోన్ అనే ఊరు ఉందన్నారు. అదే చుట్టుపక్కల థోనిస్ అనే పాత రేవు గురించీ రాశారు. చరిత్రకారులు రెండు ఊళ్ళుగా లెక్కేసుకున్నారు. రెండూ కనిపించలేదు. 2000లో ఫ్రాంక్ గోడియో బృందం అబూకిర్ అఖాతంలో, ఒడ్డుకు ఆరు కిలోమీటర్లకు పైగా దూరంలో, నీళ్ళ అడుగున మునిగిన నగరాన్ని కనిపెట్టింది. అక్కడ నల్లరాతి శాసనం ఒకటి నిలువునా చెక్కుచెదరకుండా దొరికింది. క్రీ.పూ. 4వ శతాబ్దపు ఫారో మొదటి నెక్టనెబోది. గ్రీకు సముద్రం మీదుగా వచ్చే సరుకుల సుంకంలోంచి నీత్ దేవత గుడికి వాటా ఇవ్వాలన్న ఆజ్ఞ అది. దాదాపు అక్షరం అక్షరం అదే శాసనం ఈజిప్టులోని గ్రీకు వర్తకుల ఊరు నౌక్రాటిస్‌లో 1899లోనే దొరికింది. తేడా ఒక్కటే, శాసనాన్ని ఎక్కడ నిలబెట్టాలో చెప్పే చోట. ఇందులో అక్కడ థోనిస్ అని ఉంది. గ్రీకులు హెరాక్లియోన్ అన్నదీ, ఈజిప్షియన్లు థోనిస్ అన్నదీ ఆ మునిగిన ఊరే. పటాల్లో రెండు చుక్కలు పెట్టుకున్నవాళ్ళు ఒకటి చెరిపేసుకోవాల్సి వచ్చింది.